పాలెట్‌లో నీళ్ళు చూసుకో

మా ఆడపడుచు పారబోసిన నీళ్ళు మహా అయితే అరగ్లాసు ఉంటాయి. ఆ అరగ్లాసు నీళ్ళకు నేను ఆవిడతో మాటలు మానేశాను. వానాకాలం చివర మానేసినదాన్ని కాఫీ కోతలు అయ్యేదాకా నోరు విప్పలేదు. తప్పు నాదేనని ఊరంతా అంది. ఎవరెవరు అన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో నాకు గుర్తే. అలాంటివి నేను మర్చిపోను. మర్చిపోగలిగితే బాగుండునని కూడా అనిపించదు.

ఆ నీళ్ళ సంగతి చెప్పాలంటే ముందు మా ఆయన పని గురించి చెప్పాలి.

ఆయన బోర్డులు రాసేవాడు. అరకు రోడ్డు మీది కాఫీ కొట్లకు, బడి గోడలకు, చలికాలం వస్తే లంబసింగిలో గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళకు ఆయనే రాసేవాడు. మనిషెత్తు అక్షరాలను ముందుగా గీత కూడా గీసుకోకుండా దించేవాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఒక కొట్టు యజమాని, ఆయన రాసిన బోర్డు మీదే ఫ్లెక్సీ పరిచి మేకులు కొట్టించాడు. ఆ మేకులు అందివ్వడానికి పిలిచింది కూడా ఆయన్నే. ఆయన వెళ్ళి అందించి, టీ తాగి వచ్చాడు. ఆ కొట్టు ముందు బస్సు ఆగితే నేను ఇప్పటికీ మొహం తిప్పుకుంటాను.

పని తగ్గాక పర్యాటకులు దిగే ఒక గెస్ట్‌హౌస్‌లో కుదిరాడు. ఒకసారి వాన పట్టుకుంటే, పట్నం నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు గది దాటకుండా రెండు రోజులు బల్ల మీద ఏదో ఆట ఆడారట. పావులకు బదులు మనుషుల బొమ్మలు, చెట్లు, ఇళ్ళు. వెళ్ళేటప్పుడు కత్తి విరిగిన బొమ్మ ఒకటి వదిలేసి పోయారు. బూడిదరంగు ప్లాస్టిక్కు, బొటనవేలి పై కణుపంత మనిషి. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకొచ్చి, అన్నానికి పిలిచినా లేవకుండా కిటికీ దగ్గర కూర్చుని చూశాడు.

"దీనికి కళ్ళు కూడా ఉన్నాయే," అన్నాడు. "అవుపడవు గాని ఉన్నాయి."

మొదట బోర్డుల రంగే వేశాడు. ఆ కళ్ళు, ముక్కు అన్నీ పూడిపోయి ముఖం మట్టిముద్ద అయింది. దాన్ని నానబెట్టి, గీకి, మళ్ళీ వేశాడు. ఫోన్లో వీడియోలు చూసి, నీళ్ళతో కలిసే ఆక్రిలిక్ రంగులు చిన్న చిన్న సీసాల్లో దొరుకుతాయని తెలుసుకుని విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నాడు. పాలంత పల్చగా కలిపి, ఒక పూత ఆరాక ఇంకో పూత వెయ్యాలి. తొందరపడితే బొమ్మ పోతుంది. గోడంత అక్షరాలు రాసిన చెయ్యి ఏడాది తిరిగేసరికి ఆవగింజంత కంట్లో నల్లగుడ్డు పెట్టింది. విశాఖలో ఇలాంటి ఆటలు ఆడించే ఒక కేఫ్ నుంచి పని రావడం మొదలైంది.

బడిలో పాఠాలు చెప్పి వచ్చాక నేనూ కూర్చునేదాన్ని. బొమ్మలు కడగడం, అడుగు పూత వెయ్యడం, కాళ్ళ కింద జిగురు రాసి ఇసక అద్దడం నావి. బట్టలు, ముఖాలు ఆయనవి. కేఫ్ అతను ఫోన్ చేస్తే "మీ సార్ చెయ్యి బంగారం మేడమ్, ఒకసారి సార్‌కి ఇవ్వండి" అనేవాడు. ఆ బంగారం కింద అడుగు పూత ఎవరిదని ఒక్కసారీ అడగలేదు. మా హెడ్మాస్టరు స్టాఫ్‌రూములో అందరి ముందూ "టీచరమ్మా, మొగుడూ పెళ్ళాం బొమ్మలాట ఆడుకుంటున్నారట" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరి నవ్వు ఎంతసేపు సాగిందో కూడా చెప్పగలను.

బొమ్మలకు రంగులు వెయ్యడం కంటే రంగులను బతికించుకోవడమే ఈ కొండల్లో పెద్ద పని. ఎండాకాలం సీసా మూతి దగ్గర మీగడ కట్టి మూసుకుపోతుంది. రోజూ గుండుసూదితో పొడిచి తెరవాలి. చలికాలం రంగు గడ్డపెరుగులా అవుతుంది. గడ్డకట్టిందంటే మళ్ళీ పనికిరాదు, అందుకని సీసాలను దుప్పట్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళం. కలిపిన రంగు అయితే పళ్ళెంలో నిమిషాల్లో ఆరిపోతుంది. ఆరిన ఆక్రిలిక్ ఎన్ని నీళ్ళు పోసినా కరగదు. దానికి ఆయన తడి పాలెట్ చేశాడు. మూత బిగుతుగా ఉండే స్వీటు డబ్బాలో పాత పంచె నాలుగు మడతలు వేసి, ఊట నీళ్ళతో తడిపి, దాని మీద బేకరీవాళ్ళు కేకుల కింద వేసే కాగితం పరిచాడు. రంగు ఆ కాగితం మీద. కింది తడి కొద్ది కొద్దిగా పైకి ఊరుతూ ఉంటే రంగు రోజుల తరబడి ఆరదు. గుడ్డకు బూజు పట్టకుండా మోటార్లు బాగుచేసే షాపులో అడిగి తెచ్చిన రాగి తీగ ముక్క ఒకటి అడుగున పెట్టేవాడు. మూత పెట్టి, చల్లగా ఉంటుందని మంచినీళ్ళ బిందె పక్కన ఉంచేవాడు. పొద్దున్నే గుడ్డ అంచున చెంచాడు నీళ్ళు పొయ్యడం నా వంతు. మధ్యలో పోస్తే రంగు పారిపోతుంది, మానేస్తే ఎండిపోతుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే అది కూడా వాళ్ళే చెబుతారు. ఊపినప్పుడు రంగు బాగా కలవాలంటే సీసాలో గోళీలాంటిది ఏదైనా ఉండాలి. ఆయనకు సాయం చేద్దామని సైకిల్ షాపులో ఇనుప గుళ్ళు అడిగి తెచ్చి, చెప్పకుండా తెల్లరంగు సీసాలో వేశాను. నెల తిరిగేసరికి గుళ్ళు తుప్పు పట్టి తెలుపు కాస్తా గోధుమపిండి రంగుకు తిరిగింది.

"ఇనుము తడిలో ఉంటే తుప్పట్టీస్తాదని పిల్లలకి సెప్పవేటి టీచరమ్మా?" అన్నాడు.

ఆ పూట నేను అన్నం తినలేదు. తర్వాత నా తెగిపోయిన గాజుపూసల దండ విప్పి పూసలు సీసాల్లో వేశాను. పాడైన తెలుపును మాత్రం ఆయన పారెయ్యలేదు.

ఇంకొకటి ఉంది. మా అత్తవారి వైపు మామిడి పండినా, చిక్కుడు కాసినా, ఆ ఏటి పంట దేవతకు పెట్టకుండా నోట్లో వేసుకోరు. దాన్ని కొత్త అంటారు. ఆయన కొత్త సీసా మూత తీసినా, కొత్త రంగు కలిపినా, మొదటి చుక్క వీధి గుమ్మం ద్వారబంధానికి పెట్టేవాడు. నేను రంపచోడవరంలో చర్చి పాస్టరు కూతుర్ని. "రంగుకు కూడా కొత్తేమిటండీ?" అని గొణిగేదాన్ని. "మనం తినీదే కొత్తేటి?" అని నవ్వేవాడు. గుమ్మం పొడుగునా చుక్కలు. లెక్కపెట్టిన వాళ్ళు లేరు.

పోయిన వానాకాలం ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆటల్లో ఊరి జనం అని కొన్ని బొమ్మలు ఉంటాయి. అందరూ టోపీలు, బూట్లు వేసుకున్న దొరలే. "సంతలో మనవాళ్ళని సేత్తే ఏటి?" అన్నాడు. పైపుల కన్నాలు పూడ్చే ముద్దతో టోపీలు తీసి కొప్పులు పెట్టాడు, బూట్లు చెక్కి పాదాలు చేశాడు. పన్నెండుమంది. కావిడి మోసేవాడు, చంకలో కోడిపుంజు ఉన్నవాడు, చింతపండు ముందు పోసుకుని కూర్చున్నది, తల మీద అల్లం గంప పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్న ఆడమనిషి. ఫొటో చూసి కేఫ్ అతను ఎగిరి గంతేశాడు.

చిక్కు వచ్చింది ఒంటి రంగు దగ్గర. ఒంటి రంగు అని అమ్మే సీసాలన్నీ ఇంగ్లీషువాళ్ళ ఒళ్ళే. గోధుమరంగు నేరుగా వేస్తే చెక్కబొమ్మలా ఉంది. పది రోజులు కలిపాడు. కలిపి, చుక్క తీసి తన మణికట్టు మీద పెట్టుకుని చూసేవాడు, తుడిచేసేవాడు. ఒకరోజు నేనే చెయ్యి చాపాను.

"నీది కాదే," అన్నాడు.

"మరి ఎవరిది?"

"నీ సేతికి సుద్ద పొడి అంటుకుంటాది ఎప్పుడూనూ. పో, పనిచూసుకో."

నవ్వుతూనే అన్నాడు. పదకొండేళ్ళు కాపురం చేసిన పెళ్ళాం చెయ్యి పనికిరాలేదు. ఎవరి చెయ్యి పనికొచ్చిందో చెప్పలేదు. నేను పంతానికి మళ్ళీ అడగలేదు. ఆ మర్నాడో ఆ పై రోజో రంగు కుదిరింది. తేనెలాగా ఉంది, కాని లోపల కొంచెం నీలం, కొంచెం ఎరుపు. గుమ్మానికి చుక్క పెట్టి వచ్చి, పదకొండుమందికి వేశాడు. గంప మోసే ఆడమనిషికి ముఖం, మెడ, కాళ్ళు, కుడిచెయ్యి వేశాడు. ఎడమచెయ్యి వెయ్యబోతూ "వణుకుతోంది, చలేస్తోంది" అని బ్రష్షు కడిగి పెట్టేశాడు.

జ్వరం. రెండో రోజుకు మాట తడబడింది. జీపులో కిందికి తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాం, నేనూ ఆయన అక్కా. ఆవిడ కాఫీ తోటలో పని చేస్తుంది, మా ఇంటికి రెండు ఇళ్ళ కిందే ఉంటుంది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. నా పెళ్ళిలో నన్ను చూసి "ఈ సర్చి గుంట మా కొండెక్కి ఎన్నాళ్ళుంటాదో" అన్నది కూడా ఆవిడే.

మూడో రోజు ఆయనకు కాస్త తెలివొచ్చింది. జ్వరం దిగింది, రేపు వార్డుకు మారుస్తామన్నారు. నన్ను దగ్గరకు పిలిచాడు.

"పాలెట్‌లో నీళ్ళు చూసుకో," అన్నాడు. "ఒక్క సెయ్యి మిగిలింది. అలాటి రంగు మళ్ళీ నాకే కుదరదు. బేగి ఎల్లి రా."

అక్కడ బట్టలు కూడా లేవు. వెళ్ళి తెచ్చుకుందువుగాని, నేనున్నానుగా అని ఆడపడుచే అంది. సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చాను. గుడ్డ అంచులు ఆరుతున్నాయి. రంగు మాత్రం మెరుస్తూనే ఉంది. చెంచాడు నీళ్ళు పోసి, మూత పెట్టి, ఆయన చొక్కాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. తెల్లవారి బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది.

తెల్లవారుజామున పోయాడట. ఆయన్ని ఆడపడుచు వాళ్ళే తీసుకొచ్చారు. నేను బస్‌స్టాపు నుంచి వెనక్కి నడిచి వచ్చి గుమ్మంలో కూర్చున్నాను. జీపు దిగుతూ ఆడపడుచు నన్ను చూసి ఒకే మాట అంది. "బొమ్మల కోసం మొగుణ్ణి ఒగ్గీసొచ్చినావు." వెళ్ళమన్నది ఆయన. ఉంటానన్నది ఆవిడ. అయినా ఆ మాట నలుగురిలో పడింది, ఇక అది తీసినా పోదు.

నేను ఆయన దగ్గర ఆడవాళ్ళ మధ్య కూర్చునే ఉన్నాను. లోపల ఏం జరుగుతోందో చూడలేదు. మూడో రోజు వంటింట్లోకి వెళ్తే బిందె బోర్లించి ఉంది. బకెట్లు, చెంబులు, కుండ, అన్నీ బోర్లించి ఉన్నాయి. వాటి వరసలోనే స్వీటు డబ్బా. పంచె మడతలు విప్పి, ఉతికి, దండెం మీద ఆరేసి ఉన్నాయి. కాగితం లేదు. రాగి తీగ ముక్క కిటికీలో పెట్టి ఉంది.

"వదినా, ఈ డబ్బాలోవి ఏం చేశారు?"

"పారబోసీసినాను. నీళ్ళున్నాయి కదా."

"రంగు ఉంది అందులో."

"ఏ రంగో నాకేటి తెలుసు మరదలా? సచ్చిన ఇంట్లో నిలవ నీళ్ళుంచకూడదు. ఉంచితే పేనం అందులో ఇరుక్కుంటాది. పైకి పోలేదు. మీ సర్చోళ్ళకి పట్టింపుల్లేవు గాని, మాకున్నాయి."

"ఇరుక్కుంటే ఇరుక్కోనీ!" అన్నాను.

గట్టిగానే అన్నాను. వాకిట్లో ఆడవాళ్ళందరికీ వినిపించింది. మొగుడి ప్రాణం పైకి పోకూడదని అంది అని ఊరంతా చెప్పుకున్నారు. చెప్పుకోనీ. నేను అన్నది అదే. ఆ డబ్బాలో ఉన్నా చాలు, చెంచా చెంచా నీళ్ళు పోసుకుంటూ ఎన్నాళ్ళయినా చూసుకునేదాన్ని.

ఆవిడ కళ్ళు తుడుచుకుని కిందికి వెళ్ళిపోయింది. పెద్ద దినం నాడు వచ్చింది, వడ్డించింది, వెళ్ళింది. నేను పలకలేదు. దారిలో ఎదురైతే "తిన్నావేటి?" అనేది. నేను సంచి భుజం మార్చుకుని పైకి నడిచేదాన్ని.

కేఫ్ అతను ఫోన్ చేశాడు. బాధపడ్డాడు, అది కాదనను. తర్వాత "ఒక్క చెయ్యే కదా మేడమ్, దగ్గరలో ఉన్న రంగు ఏదైనా వేసి పంపేయండి, ఎవరూ గమనించరు" అన్నాడు. పన్నెండేళ్ళ పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఎవరూ గమనించని పని కోసమా ఆయన పది రోజులు కూర్చుంది?

నేను కలపడం మొదలుపెట్టాను. బడి నుంచి వచ్చి, వెలుగు ఉండగా, ఆయన కూర్చునే కిటికీ దగ్గరే. గోధుమరంగులో ఎరుపు వేస్తే ఇటుకలా వచ్చింది. పసుపు వేస్తే కామెర్ల మనిషిలా వచ్చింది. నీలం చుక్క ఎక్కువైతే కమిలిన దెబ్బ. తుప్పు పట్టిన తెల్లసీసా దాదాపు ఖాళీ అయి ఉండడం అప్పుడు చూశాను. పది రోజులూ ఆయన కలిపింది దాన్నే. నాతో చెప్పలేదు. దాంతో కలిపితే దగ్గరకు వచ్చింది, కాని కుడిచేతి పక్కన పెడితే ఏదో తేడా. గుమ్మం మీద చుక్క ఉంది కదా అని వెళ్ళి చూశాను. వందల చుక్కల్లో అలాంటివి నాలుగున్నాయి, కుదరనివీ పెట్టాడు కాబోలు. పొగకు, వానకు అన్నీ ఒకే తీరుగా నల్లబడ్డాయి. ఎన్ని సాయంత్రాలు కలిపానో తెలీదు. అడుగున మిగిలిన ఆ తెలుపు తరిగిపోతోందని భయం వేసి ఆపేశాను. గంప పట్టుకున్న ఆడమనిషి రెండో చెయ్యి బూడిదరంగులో అలాగే ఉండిపోయింది.

కోతలు అయ్యాయి. సంక్రాంతి సెలవులు పోయాక ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆడపడుచు మా గుమ్మంలో కూర్చుని ఉంది. కాఫీ గింజలు ఆరబోసే కళ్ళం నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర నిండా పొట్టు. నేను పక్కనుంచి లోపలికి వెళ్ళబోయాను.

"నాతో మాటాడొద్దులే," అంది. "నాను మాటాడతాను, ఇనుకో. బొమ్మ ఒకటి మిగిలిపోనాదంట కదా. ఆ కేఫోడు మా కొడుక్కి ఫోన్ సేసినాడు, మీ అత్తయ్యని అడగండని."

నేను చెప్పులు విడిచాను.

"ఆ రంగు ఏ రంగు?"

నోరు విప్పక తప్పలేదు. "ఒంటి రంగు."

ఆవిడ నన్నే చూసింది. "సిన్నోడు వానల్లో రోజూ తోట కాడికి వచ్చీవోడు, ఒక ఆకులో రంగేసుకుని. అక్కా సెయ్యి పట్టు అనీవోడు. ఇక్కడ పెట్టి సూసుకునీవోడు." మోచేతి కింద లోపలి వైపు చూపించింది. "ఏటిరా ఇది అంటే, మన రంగు కుదరడం లేదే అక్కా అనీవోడు. నాకు సిగ్గేసీది, అందరూ సూత్తన్నారని. ఆ రంగా అది?"

నేను గోడకు ఆనుకున్నాను. ఆవిడ ముఖం నల్లబడిపోయింది.

"నా సేత్తో నానే పారబోసినానేటే మరదలా?"

అవునని అనాల్సింది. ఇన్ని నెలలూ ఆ మాట ఎలా అనాలో మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను. తీరా నోటికి వచ్చింది వేరు. "లోపలికి రండి, వెలుగు తగ్గిపోతుంది," అన్నాను.

కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకోవడం నాకు అదే మొదటిసారి. డబ్బాలో పంచె మడత పెట్టి, తడిపి, కాగితం పరిచాను. తుప్పు తెలుపు అడుగంటా దులిపాను. కలుపుతున్నంతసేపూ ఆవిడ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. పెట్టి చూడడం, కొంచెం ఎరుపు, పెట్టి చూడడం. చివరికి చుక్క ఆవిడ చేతిలో కలిసిపోయింది, ఎక్కడ పెట్టానో వెతుక్కోవాల్సి వచ్చింది.

"ముందు గుమ్మానికి పెట్టు," అంది.

లేచి వెళ్ళి పెట్టాను. వచ్చి, బ్రష్షు కొన పెదాలతో సన్నం చేసుకుని, ఆయన లాగే ఊపిరి వదులుతూ ఆ ఎడమచెయ్యి వేశాను. మూడు పూతలు. ఆరాక ఎండలో పెట్టి ఇద్దరం చూశాం. కుడిచెయ్యి కంటే ఎడమచెయ్యి ఒక్క వాసి నలుపు.

"సరిగ్గా కలిపాను వదినా. మీ చేతిలో కలిసిపోయింది కదా, మీరూ చూశారు."

ఆవిడ బొమ్మను అరచేతిలో పెట్టుకుంది. "నువ్వు సరిగ్గానే కలిపినావు. వాడు సూసినప్పుడు వానలు. ఎండ లేదు. తరవాత మూణ్ణెల్లు కళ్ళంలో ఎండలో ఉన్నాను కదే. వాడు సూసిన సెయ్యి ఇప్పుడు నా కాడ కూడా లేదు."

కేఫ్‌కు పదకొండుమందినే పంపాను. ఒకటి తక్కువైందని అతను ఏమనుకున్నాడో రాసి పంపాడు, అదీ గుర్తు పెట్టుకున్నాను. ఆవిణ్ణి నేను క్షమించానని ఊళ్ళో అనుకుంటున్నారు. జీపు దిగుతూ అన్న మాట ఉంది కదా, అది అలాగే ఉంది.

ఆ రోజు ఆవిడ లేవబోతుంటే తడిగుడ్డ తీసి చెయ్యి తుడవబోయాను. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉండనీ," అంది.

మోచేతి కింద ఆరిన రంగు మచ్చతో, దాని మీద ఇంకో చెయ్యి మూతలా పెట్టుకుని, మెట్లు దిగి కళ్ళం వైపు వెళ్ళింది. చర్మం మీద ఆరిన ఆక్రిలిక్ కరగదు గాని నిలవదు కూడా. రెండు రోజుల్లో పొట్టులా ఊడి రాలిపోతుంది. అది ఆవిడకు చెప్పలేదు.